శాక్ పెట్టిన తర్వాత టైం తగ్గింది, ప్యాకెట్లు మాత్రం తగ్గలేదు. ఎందుకు?

ఓరుగల్లు_బైట్ · ఆదివారం, రాత్రి 10:48

అందరికీ నమస్తే. ఎం.టెక్ రెండో ఏడు చదువుతున్న. ప్రాజెక్టు కింద యూడీపీ (ప్యాకెట్ చేరిందో లేదో చూడకుండ పంపే పద్ధతి) మీద ఫైల్ పంపే చిన్న ప్రోటోకాల్ సీ భాషల రాస్తున్న. ప్యాకెట్‌కి 1200 బైట్లు, విండో (జవాబు రాకముందే పంపగలిగేవి) 256 ప్యాకెట్లు, టైమర్ (జవాబు రాకపోతే మళ్ల పంపే గడువు) 300 మిల్లీసెకన్లు. రెండు పాత ల్యాప్‌టాప్‌లు, మధ్యల ఒక స్విచ్. పంపే మిషన్ మీద నెట్‌ఎమ్ (కావాలని డిలే, లాస్ కలిపే లినక్స్ సాధనం) పెట్టి 100 మిల్లీసెకన్ల డిలే, 1 శాతం లాస్ ఇచ్చిన. ఫైల్ 50 ఎంబీ, అంటే దగ్గర దగ్గర 43,700 ప్యాకెట్లు.

మొదట ఉత్త క్యుములేటివ్ యాక్‌తోని (ఇక్కడిదాక అన్నీ అందినయ్ అని చెప్పే జవాబు), గో-బ్యాక్-ఎన్ పద్ధతిల చేసిన. రెండున్నర నిమిషాలు పట్టింది. పంపినవి మొత్తం లక్షా 55 వేల ప్యాకెట్లు. ఒక్కటి పోతే దాని ఎనకున్న విండో అంతా మళ్ల పంపుడే కదా, సరే అనుకున్న.

మొన్న శాక్ (సెలెక్టివ్ యాక్, మధ్యల ఏవేవి అందినయో విడిగ చెప్పే జవాబు) పెట్టిన. 36 సెకన్లకు దిగింది! సంబరపడి కౌంటర్ చూస్తే పంపినవి లక్షా 53 వేలు. పోయేవి 1 శాతం, అంటే 440 చిల్లర. మరి మిగిలిన లక్ష ఏడికెల్లి వచ్చినయి? రెండు రోజులైంది, అర్థమైతలేదు.

---

గోదారి_గట్టు · ఆదివారం, రాత్రి 11:20

కోడ్ చూడకుండానే ఒక అనుమానం ఉంది. ముందు ఈ రెండూ చెప్పు తమ్ముడూ. శాక్‌లో ఒక ఖాళీ కనబడగానే దాన్ని మళ్లీ పంపుతున్నావు కదా, పంపేశానని ఎక్కడైనా రాసుకుంటున్నావా? తర్వాతి యాక్‌లో కూడా అదే ఖాళీ కనబడితే ఏం చేస్తున్నావు?

నెట్‌ఎమ్ లూప్‌బ్యాక్ (ఒకే మిషన్ తనకి తానే పంపుకునే దారి) మీద కాకుండా రెండు మిషన్ల మధ్య పెట్టడం మంచి పని. లూప్‌బ్యాక్ మీద 100 ఇస్తే పోనూ రానూ కలిసి 200 అవుతుంది, యాక్‌లు కూడా 1 శాతం పోతాయి. సగం మంది అక్కడే బోల్తా కొడతారు.

---

ఉత్తుత్తి_ఇంజనీరు · ఆదివారం, రాత్రి 11:31

ఇదంతా ఎందుకు బ్రో, క్విక్ (యూడీపీ మీదే నడిచే రెడీమేడ్ ప్రోటోకాల్) లైబ్రరీ ఒకటి తెచ్చుకుని వాడేయ్. 2021లోనే దాని ప్రమాణపత్రం, ఆర్ఎఫ్‌సీ 9000, వచ్చేసింది. చక్రం మళ్లీ కనిపెడతావా?

---

ఓరుగల్లు_బైట్ · సోమవారం, ఉదయం 7:05

@ఉత్తుత్తి_ఇంజనీరు అన్నా, లైబ్రరీ వాడితే మా గైడ్ సార్ మార్కులు గూడ లైబ్రరీకే ఏస్తరట.

@గోదారి_గట్టు అన్నా, రాసుకుంటలేను. యాక్ వచ్చినప్పుడల్లా ఖాళీలు లెక్కవెట్టి ఉన్నయన్నీ పంపేస్తున్న. అదేనా తప్పు?

---

గోదారి_గట్టు · సోమవారం, ఉదయం 9:40

అదే.

పెళ్లి భోజనాల పంక్తి అనుకో. వడ్డించేవాడు పప్పు వేసుకుంటూ పోయాడు, పదో విస్తరిలో పడలేదు. గో-బ్యాక్-ఎన్ అంటే పదో విస్తరి దగ్గర్నుంచి చివరిదాకా అందరికీ మళ్లీ పప్పు వెయ్యడం. శాక్ అంటే పదకొండోవాడు "నాకు పడింది, వాడికే పడలా" అని చెప్పడం. బాగానే ఉంది. కానీ పన్నెండోవాడూ అదే అంటాడు, పదమూడోవాడూ అంటాడు, పంక్తి చివరిదాకా అంటూనే ఉంటారు. నువ్వు ఎవరు అన్నప్పుడల్లా పదో విస్తరిలో ఓ గరిటె వేస్తున్నావు. మొదటి గరిటె పప్పు ఇంకా దారిలోనే ఉంది, చేరి జవాబు రావడానికి ఒక ఆర్‌టీటీ (పోనూ రానూ పట్టే టైం) పడుతుంది మరి. ఈలోగా విండోలో మిగిలిన 250 యాక్‌లూ వచ్చేస్తాయి. 440 ఖాళీలు ఇంటూ 250 వేసి చూడు, నీ లక్ష దొరుకుతుంది.

టైం ఎందుకు తగ్గిందంటే టైమర్ కోసం 300 మిల్లీసెకన్లు కూర్చోవడం తప్పింది కాబట్టి. అది శాక్ పుణ్యమే. మిగతాది నీ పాపం.

దీనికి మందు పంపేవాడి వైపు ఒక పట్టీ. ఇంగ్లీషులో స్కోర్‌బోర్డ్ అంటారు. విండోలో ప్రతి ప్యాకెట్‌కీ మూడు విషయాలు రాసుకో: శాక్ అయిందా, పోయిందని తేల్చామా, మళ్లీ పంపామా. ఖాళీ కనబడిందని పంపకూడదు, పోయిందని తేలాకే పంపాలి. ఎలా తేలుతుంది? ఆర్ఎఫ్‌సీ 6675, 2012 నాటిది, తీసి చూడు. దాని పైన ఉన్న ప్యాకెట్లలో కనీసం మూడు శాక్ అయితే పోయినట్టు లెక్క. ఒకటో రెండో అయితే వరస తారుమారై ఉండొచ్చు, ఆగాలి. అదే పత్రంలో "పైప్" అని ఒక లెక్క ఉంటుంది. ఇప్పుడు నెట్‌వర్క్‌లో తిరుగుతున్నవి ఎన్ని అని: పంపినవాటిలోంచి శాక్ అయినవి, పోయాయని తేలినవి తీసేసి, మళ్లీ పంపినవి కలుపుకోవాలి. నీ విండో ఎప్పుడూ 256 గనక ఇవాళ్టికి పైప్ లేకపోయినా నడుస్తుంది. కంజెషన్ కంట్రోల్ (దారి ఇరుకుని బట్టి పంపే వేగం సర్దుకోవడం) పెట్టిన రోజు అది లేకుండా అడుగు పడదు.

శాక్ బ్లాకులు తయారు చేసి పంపడం ఒక పూట పని. వాటిని చదివి ఏది పోయిందో, ఎప్పుడు పంపాలో తేల్చడంలోనే అసలు కష్టమంతా ఉంది. క్లాసులో మొదటిది చెప్పి ఊరుకుంటారు.

---

ప్యాకెట్_పార్వతి · సోమవారం, మధ్యాహ్నం 1:15

పంపేవాడి సంగతి గోదారి గారు చెప్పేశారు. నాకు అందుకునేవాడి మీద అనుమానం. బైట్ గారూ, మీ రిసీవర్ శాక్ బ్లాకుల్ని ఏ వరసలో పెడుతోంది? ఒక యాక్‌లో ఎన్ని పడతాయి?

---

ఓరుగల్లు_బైట్ · సోమవారం, సాయంత్రం 6:30

మేడమ్, నాలుగు పడతయ్. చిన్న నంబర్ల కాడికెల్లి పెద్దవాటి దాక, వరసల పెడ్తున్న. నాలుగు నిండినంక మిగిలినయి వదిలేస్తున్న.

---

ప్యాకెట్_పార్వతి · సోమవారం, రాత్రి 8:50

అనుకున్నాను. ఇది ఇవాళ దొరకదు, లాస్ 3 శాతం పెట్టిన రోజు పీక పట్టుకుంటుంది.

విండోలో ఖాళీలు ఆరు ఉన్నాయనుకోండి. అప్పుడు ఎప్పుడూ కింది నాలుగు బ్లాకులే వెళ్తాయి. ఇప్పుడే వచ్చిన ప్యాకెట్ పై కొసన ఉంటుంది, దాని కబురు పంపేవాడికి చేరదు. యాక్ మాత్రం వచ్చింది, అందులో కొత్త సంగతి ఏమీ లేదు. ఆర్ఎఫ్‌సీ 2018 రాసినవాళ్లు 1996లోనే దీన్ని ఆలోచించారు: ఈ యాక్‌కి కారణమైన ప్యాకెట్ ఏ బ్లాకులో ఉందో అదే మొదట రావాలి, ఆ తర్వాత ఇటీవల చెప్పిన బ్లాకులు. అలా చేస్తే ప్రతి బ్లాకూ వరసగా కొన్ని యాక్‌లలో మళ్లీ మళ్లీ కనబడుతుంది, మధ్యలో ఒక యాక్ పోయినా కబురు పోదు.

టీసీపీకి (నెట్‌లో మామూలుగా వాడే నమ్మకమైన పద్ధతి, ఈ ఆర్ఎఫ్‌సీ దాని కోసమే) ఈ పొదుపు ఎందుకంటే హెడర్లో ఆప్షన్లకి ఉన్న చోటే 40 బైట్లు. ఒక్కో బ్లాకుకి ఎడమ అంచు 4, కుడి అంచు 4, అన్ని బ్లాకులకీ కలిపి పైన రకం, పొడవుకి 2. అంటే నాలుగు బ్లాకులకి 34. టైమ్‌స్టాంప్ కూడా పెడితే ప్యాడింగ్‌తో కలిపి 12 పోయి మూడే మిగులుతాయి. మీది యూడీపీ, మీకు ఆ గొడవ లేదు. విండో 256 కాబట్టి 256 బిట్లు, అంటే 32 బైట్ల బిట్‌మ్యాప్ పెట్టేసినా సరిపోతుంది. ప్రతి యాక్‌లో మొత్తం బొమ్మ వెళ్తుంది, వరస గొడవే ఉండదు. నేనైతే అదే చేస్తాను.

ఇంకో రెండు. బ్లాకులే వాడితే కుడి అంచు అంటే చివరి నంబర్ కాదు, దాని తర్వాతది. నంబర్లు చుట్టు తిరిగి సున్నాకి వచ్చే చోట మామూలు "చిన్నది, పెద్దది" గుర్తు పనికిరాదు. తేడా తీసి దాన్ని సైన్డ్ 32 బిట్ల సంఖ్యగా చూసి, రుణమైతే చిన్నది అనుకోవాలి. మొదటి నంబర్ సున్నా కాకుండా 32 బిట్ల చివరికి ఓ వంద తక్కువగా పెట్టి ఒకసారి నడపండి. ఉన్న పురుగులన్నీ బయటికొస్తాయి.

---

పాతకాపు_1999 · సోమవారం, రాత్రి 10:10

శాక్ పేరెత్తితే నాకు ఒక ఫైర్‌వాల్ గుర్తొస్తుంది. పదేళ్ల పైమాటే. రెండు ఊళ్ల ఆఫీసుల మధ్య రాత్రిపూట బ్యాకప్ కాపీ. లింకులో లాస్ అర శాతం కూడా లేదు, అయినా కాపీ నత్తనడక. క్యాప్చర్ తీస్తే డూప్లికేట్ యాక్‌లు కుప్పలు కుప్పలుగా వస్తున్నాయి, ఫాస్ట్ రీట్రాన్స్‌మిట్ (టైమర్ దాకా ఆగకుండా వెంటనే మళ్లీ పంపడం) మాత్రం ఒక్కటీ లేదు. ప్రతిసారీ టైమర్ పేలాకే కదలడం.

వారం రోజులు తల బాదుకున్నాక తేలింది. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ భద్రత పేరుతో సీక్వెన్స్ నంబర్లని మార్చి పంపుతోంది. హెడర్లో సీక్వెన్స్ మార్చింది, యాక్ నంబర్ని తిరిగి సరిచేసింది. శాక్ ఆప్షన్ లోపలున్న అంచుల్ని మాత్రం ముట్టుకోలేదు! పంపేవాడికి ఏవో వేరే లోకం నంబర్లు కనబడుతున్నాయి, చెల్లవని పక్కన పడేస్తున్నాడు. అప్పటి పెద్దాయన "శాక్ ఆపేయండి, అదే దరిద్రం" అన్నాడు. ఆపితే నిజంగానే బాగుపడింది. ఆ సర్వర్లలో శాక్ ఏళ్ల తరబడి ఆగిపోయే ఉంది, ఎవరికీ ఎందుకో తెలియదు.

---

ఉత్తుత్తి_ఇంజనీరు · సోమవారం, రాత్రి 10:26

మా దగ్గరా ఆపేసే ఉంది, కానీ సెక్యూరిటీ కారణం. 2019లో శాక్ పానిక్ అని వచ్చిందిగా. ఒక్క కనెక్షన్‌తో కెర్నల్ కూలిపోతుంది. అందుకే శాక్ ప్రమాదకరం.

---

గోదారి_గట్టు · సోమవారం, రాత్రి 11:02

> అందుకే శాక్ ప్రమాదకరం.

కాదండీ. అది శాక్ ఆలోచనలోని లోపం కాదు, లినక్స్ కోడ్‌లో ఒక 16 బిట్ల లెక్కపెట్టె నిండిపోవడం. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ వాళ్లు బయటపెట్టారు, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2019-11477. ఒక బఫర్‌లో 17 ముక్కలు, ఒక్కోటి 32 కిలోబైట్ల దాకా ఉండొచ్చు. అవతలివాడు ఎంఎస్ఎస్‌ని (ఒక సెగ్మెంట్ గరిష్ఠ పరిమాణం) 48 బైట్లకి దించితే ఆప్షన్లు పోను డేటాకి మిగిలేది 8 బైట్లే. 17 ఇంటూ 32,768, దాన్ని 8తో భాగిస్తే 69,632 సెగ్మెంట్లు. 16 బిట్లలో పట్టేది 65,535. శాక్ వచ్చినప్పుడు పక్కపక్క బఫర్లని కలిపే చోట ఆ లెక్క పొంగి కెర్నల్ చేతులెత్తేసేది. దిద్దుబాటు ఆ నెలలోనే వచ్చేసింది. శాక్ ఆపడం ప్యాచ్ వేసేదాకా తాత్కాలిక ఉపాయంగా చెప్పారు. ఇంకా ఆపే ఉంచారంటే జ్వరం తగ్గినా లంఖణం మానలేదన్నమాట. రేపు వెళ్లి ఆ శాక్ సెట్టింగ్ 1 (ఆన్) చెయ్యండి.

---

ఓరుగల్లు_బైట్ · బుధవారం, రాత్రి 9:15

పట్టీ పెట్టిన, మూడు లెక్క పెట్టిన, బిట్‌మ్యాప్ పెట్టిన. మళ్ల పంపినవి 447! టైం 36 సెకన్లే. మేడమ్ చెప్పినట్టు నంబర్ చుట్టు తిరిగే కాడ నడిపితే నిజంగనే ఒక పురుగు దొరికింది.

గని కొత్త తిప్పలు. నిజమైన నెట్ లెక్క ఉండాలని నెట్‌ఎమ్‌ల 100 డిలేకి 10 జిట్టర్ (డిలేల హెచ్చుతగ్గు) కలిపిన. లాస్ 1 శాతమే ఉంచిన. మళ్ల పంపినవి 35 వేలు దాటినయ్. ఏంది ఇది, ఒకటి కడితే ఇంకోటి తెగుతది?

---

ప్యాకెట్_పార్వతి · బుధవారం, రాత్రి 10:00

నెట్‌ఎమ్ జిట్టర్ మీరనుకునేది కాదు. ప్రతి ప్యాకెట్‌కీ విడిగా 90 నుంచి 110 మధ్య ఒక డిలే వేస్తుంది. మీ ప్యాకెట్ల మధ్య దూరం అర మిల్లీసెకన్ కూడా లేదు. అంటే 108 పడిన ప్యాకెట్‌ని దాని వెనక పంపినవి పదులకొద్దీ దాటిపోతాయి. మూడు దాటగానే మీ పట్టీ "పోయింది" అంటుంది. ఏదీ పోలేదు, వరస తప్పింది అంతే.

ముందు రుజువు చేసుకోండి. ఒకే ప్యాకెట్ రెండోసారి వస్తే రిసీవర్ ఆ మాట యాక్‌లో చెప్పాలి. టీసీపీలో దీన్ని డీ-శాక్ అంటారు, 2000లో ఆర్ఎఫ్‌సీ 2883: మొదటి శాక్ బ్లాకులోనే "ఇది నా దగ్గర ముందే ఉంది" అని చెప్పడం. మీ యాక్‌లో ఒక కౌంటర్ పెట్టినా చాలు. 35 వేలలో 34 వేలు డూప్లికేట్లని తేలుతుంది, పందెం.

---

గోదారి_గట్టు · గురువారం, ఉదయం 8:20

పార్వతి గారి పందెం నేను కాయను, ఓడిపోతాను.

మూడు అన్న అంకె పాతకాలం నాటిది, నెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో సరిపోయింది. ప్యాకెట్ల మధ్య దూరం మైక్రోసెకన్లకి వచ్చాక మూడు ప్యాకెట్లు అంటే కంటిరెప్ప కూడా కాదు. అందుకే ఇప్పుడు లెక్క టైంలో చేస్తున్నారు. ర్యాక్ అంటారు, ఆర్ఎఫ్‌సీ 8985, 2021. ప్రతి ప్యాకెట్‌కీ చివరిసారి ఎప్పుడు పంపామో రాసుకో. దీనికంటే తర్వాత పంపిన ఒకటి చేరిందని తెలిసి, ఆ పైన కొంత గడువు కూడా దాటితే, అప్పుడు ఇది పోయింది. వరస తప్పుతోందని తెలిసిన దారిలో ఆ గడువు కనిష్ఠ ఆర్‌టీటీలో నాలుగో వంతుతో మొదలవుతుంది. నీకు కనిష్ఠం 90, నాలుగో వంతు 22.5. నీ జిట్టర్ ఎంత విపరీతంగా పడినా రెండు ప్యాకెట్ల తేడా 20 దాటదు. సరిపోతుంది. డూప్లికేట్ కబుర్లు వస్తూనే ఉంటే గడువు పెంచుకుంటూ పోవాలి, అది కూడా అందులోనే ఉంది.

ఇంకో లాభం. మళ్లీ పంపింది కూడా దారిలో పోతే నీ ఇప్పటి పట్టీలో "పంపాం" అని టిక్కు ఉంటుంది కాబట్టి 300 మిల్లీసెకన్ల టైమర్ దాకా దిక్కులేదు. టైం రాసుకుంటే మళ్లీ పంపినదానికీ అదే సూత్రం వర్తిస్తుంది.

---

ఉత్తుత్తి_ఇంజనీరు · గురువారం, ఉదయం 9:05

మళ్లీ క్విక్ అంటే తిడతారేమో గానీ, అక్కడ మళ్లీ పంపేటప్పుడు ప్యాకెట్ నంబరే కొత్తది వేస్తారు. పాత నంబర్ మళ్లీ వాడరు. వచ్చిన యాక్ మొదటిదానిదా రెండోదానిదా అన్న అయోమయమే ఉండదు. నష్టం తేల్చడానికి మూడు ప్యాకెట్లు, లేదా ఆర్‌టీటీకి 9/8 వంతు. ఇది లైబ్రరీ కాదు, ఐడియా మాత్రమే ఇస్తున్నా. నిన్న సెట్టింగ్ కూడా 1 చేశా.

---

గోదారి_గట్టు · గురువారం, ఉదయం 9:30

మంచి ఐడియా. బైట్ తమ్ముడు పెట్టుకోవచ్చు, హెడర్లో నాలుగు బైట్లు ఖర్చు. 9/8 మాత్రం ఇక్కడ చాలదు. 100కి 12.5 మాత్రమే అదనం, నీ తేడా 20 దాకా పోతుంది.

---

ఓరుగల్లు_బైట్ · శనివారం, రాత్రి 11:50

పార్వతి మేడమ్ పందెం గెలిచిండ్రు. టైం లెక్క పెట్టినంక జిట్టర్ ఉన్నా మళ్ల పంపినవి 460.

స్పీడ్ కోసం విండో 512 చేసిన, 18 సెకన్లకు వచ్చింది. గని ఫైల్ చెడిపోతున్నది! పదిసార్లల ఒకటి రెండుసార్లు ఎండీ5 (రెండు ఫైళ్లు ఒకటేనా అని సరిచూసే గుర్తు) కలుస్తలేదు. ఇంకో డౌట్ గూడ: శాక్ అయిన ప్యాకెట్‌ని పంపే బఫర్లకెల్లి తీసేస్తున్న, మెమరీ మిగులుతదని. అది తప్పా?

---

ప్యాకెట్_పార్వతి · ఆదివారం, ఉదయం 10:30

రెండూ ఒకటే సమస్య అనుకుంటున్నాను. విండో పంపేవైపు 512 చేశారు. అందుకునేవైపు రింగ్ బఫర్ ఎంత? నంబర్ని 256తో భాగించిన శేషమే ఇంకా స్లాట్‌గా వాడుతున్నారా?

---

ఓరుగల్లు_బైట్ · ఆదివారం, ఉదయం 10:41

అయ్యో. అవును.

---

ప్యాకెట్_పార్వతి · ఆదివారం, ఉదయం 11:20

అయితే బేస్ (ఇంకా అందని మొదటి ప్యాకెట్) నుంచి 300వ ప్యాకెట్ వచ్చి 44వ దాని స్లాట్‌లో కూర్చుంటోంది. 44 వచ్చిందని మీరు శాక్‌లో చెప్పేశారు, పంపేవాడు దాన్ని చెరిపేశాడు. ఇప్పుడు అది లోకంలో ఎక్కడా లేదు. మీ కోడ్ దాని చోట 300 రాసింది. లాస్ పడ్డప్పుడే బేస్ అంత వెనకబడుతుంది కాబట్టి ప్రతిసారీ జరగదు.

టీసీపీలో శాక్ అంటే కబురు మాత్రమే, హామీ కాదు. మెమరీ ఇరుకైతే రిసీవర్ చెప్పిన మాట వెనక్కి తీసుకుని ఆ డేటాని పారెయ్యొచ్చు, వీలైనంతవరకు వద్దని రాసినా హక్కు మాత్రం ఉంది. రెనెగింగ్ అంటారు. అందుకే క్యుములేటివ్ యాక్ దాటేదాకా పంపేవాడు బఫర్ వదలకూడదు. టైమర్ పేలితే పట్టీలో శాక్ టిక్కులు కూడా నమ్మకూడదని ఆర్ఎఫ్‌సీ 2018లో ఉంది. క్విక్‌లో ఆ హక్కు తీసేశారు, యాక్ ఇస్తే ఇచ్చినట్టే, కాబట్టి వాళ్లు వెంటనే వదిలేయొచ్చు. మీ ప్రోటోకాల్ మీది. ఏదో ఒకటి తేల్చి రిపోర్టులో రాయండి: మాట తప్పొచ్చా, తప్పకూడదా. ఇప్పుడు మీ రిసీవర్ మాట తప్పుతోంది, మీ సెండర్ అది తప్పదని నమ్ముతోంది.

---

ఓరుగల్లు_బైట్ · ఆదివారం, రాత్రి 9:00

రింగ్ 512 చేసిన, బయటి నంబర్ వస్తే పడేసి శాక్ ల చెప్పకుండ చేసిన. "మాట తప్పొద్దు" అని రాసుకున్న. యాభై సార్లు నడిపిన, ఎండీ5 యాభై సార్లు కలిసింది.

ఒక చిన్నది మిగిలింది. ఫైల్ ఆఖరి ప్యాకెట్ పోతే దాని ఎనక ఏదీ లేదు కాబట్టి శాక్ ఏమీ చెప్పది. టైమరే దిక్కు.

---

గోదారి_గట్టు · ఆదివారం, రాత్రి 9:40

అవును, దాన్ని టీఎల్‌పీ చూసుకుంటుంది, ర్యాక్ పత్రంలోనే ఉంది. సుమారు రెండు ఆర్‌టీటీలు ఏ కబురూ రాకపోతే ఆఖరి ప్యాకెట్‌నే ఇంకోసారి విసరడం. నీకు రెండు ఆర్‌టీటీలు 200, టైమర్ 300. వంద మిల్లీసెకన్ల కోసం ఇప్పుడు కోడ్ కెలకొద్దు. వైవాకి ముందు దానికంటే పెద్దది ఒకటి ఉంది. 512 ప్యాకెట్లని ఎదుటివాడి లింకు ఎంతో చూడకుండా గుమ్మరిస్తున్నావు. బయటి ఎగ్జామినర్ మొదట అడిగేది అదే.

---

ఓరుగల్లు_బైట్ · ఆదివారం, రాత్రి 9:52

వైవా గురువారం అన్నా. పైప్ లెక్క అందుకేనా మొదటి రోజే చెప్పినవ్?

---

మోడరేటర్ · సోమవారం, ఉదయం 6:30

కంజెషన్ కంట్రోల్ చర్చ కొత్త థ్రెడ్‌లో పెట్టండి, ఇది చాలా పొడవైంది. శీర్షికకి "[పరిష్కారమైంది]" చేర్చాను.